వికారం తగ్గిందన్నావు

అక్కా, నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ బంద్, బస్సుల్లేవు. జనగామలో నడిచి వస్తుంటే నీకు ఆక్యుపంక్చర్ సూదులు గుచ్చిన ఆంధ్రా డాక్టరమ్మ ఎదురైంది.

ఆమెను నేనెన్నడూ నమ్మలేదు. క్యాన్సర్ మందులకు నువ్వు వాంతులతో అల్లాడుతుంటే ఆమె నీ మణికట్టు మీద ఉత్త సూదులు గుచ్చేది. "సూదిల మందే లేకుంటే ఎట్ల తగ్గుతదక్కా?" అని నీతో కొట్లాడాను.

నువ్వు పోయిన సంగతి విని ఆమె కళ్లు తుడుచుకుంది. "వికారమైనా తగ్గించగలిగానమ్మా. మూడో వారం తనే చెప్పింది" అంది.

ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. "వికారంగా ఉందా?" అని ఆమె అడిగితే, నువ్వు గుండు మీది కొత్త రుమాలు సవరించుకుని, "ఇప్పుడు జర నయమే మేడం" అన్నావు. బయటికొచ్చాక నన్నడిగావు: "గీ రుమాలు కట్టుకున్నంక నిజంగనే గంత వికారంగ లేనా చెల్లె?"

ఆమె అడిగింది కడుపు గురించి. నువ్వు చెప్పింది ముఖం గురించి.

ఇవాళ ఆ మాట ఆమె ముఖానే చెప్పేద్దామని నోరు తెరిచాను. కానీ ఆ రోజు సాయంత్రం నువ్వు గిన్నెడు జొన్న గట్క తిని, కక్కకుండా పడుకున్నది గుర్తొచ్చింది.

సూది వల్లనా, రుమాలు వల్లనా? అనుమానాన్ని నా దగ్గరే ఉంచుకుని వచ్చేశాను.