లచ్చన్న మొక్కు

భాగ్యా,

ఫోన్‌లో నన్ను సగంలోనే ఆపేస్తావు కనుక, సెలవు మీద ఊరికొస్తున్న మా గది లచ్చన్న చేత ఈ ఉత్తరం పంపుతున్నాను.

నవోదయ బడి పరీక్షకు కటాఫ్ ఎంతుంటుందోనని నువ్వు రోజూ లెక్కలు వేస్తుంటే, నా మనవరాలు సహస్ర అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతోందట. ఆ సంగతి ఇక్కడ కువైట్‌లో, ఫర్వానియాలోని మా గదంతా తెలిసింది. లచ్చన్నయితే కటాఫ్ బాగా పెరగాలని కొండగట్టు అంజన్నకు మొక్కేశాడు! అతన్ని అనకు. పొద్దున లేస్తే దినారు రేటు పెరగాలని కోరుకునే మనుషులం మేము. (కొండగట్టు కోతుల కథ ఒకటి గుర్తొచ్చింది గానీ, వద్దులే, ఉత్తరం కూడా సగంలో ఆపేస్తావు.)

“కటాఫ్ తగ్గితెనే మన పొల్లకు సీటొస్తదిరా” అన్నాను.

“అంటె మంది పిల్లలకు మార్కులు తక్కువ రావాలెనని మొక్కాల్నా? నాతోని గాదు కాకా!” అన్నాడు.



చివరకు అతనే మొక్కు మార్చుకున్నాడు. కటాఫ్ ఎంతైనా సరే, ఫలితాలొచ్చిన రోజు సహస్ర కడుపునిండా తినాలట.

బిడ్డా, ఈ మొక్కు అంజన్న దాకా పోనక్కర్లేదు, నీ చేతిలోనే ఉంది. ఫలితం చూడకముందే దానికి అన్నం కలిపి పెట్టు.

నీ బాపు