గుట్ట ఎనుక పిట్ట

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మనం చేతుల పట్టుకొని ఆడిన పాత వీడియోగేమ్‌కు మొన్న జమ్మికుంటల కొత్త డిస్‌ప్లే ఏయించిన. ఇప్పుడు లోపల్నుంచే వెలుగొస్తది, ఇంట్ల కూసున్నా సాఫ్ కనవడ్తది.

యాదికున్నదా? బాపు పత్తి మార్కెట్ల వరుసల నిలవడితే, మనం బండి మీద కూసుండి లోపల వెలుగు లేని పాత డిస్‌ప్లేను ఎండకు వంచి ఆడేటోళ్లం. గేమ్‌ల గుట్టను సూపెట్టి "గా గుట్ట ఎనుక పిట్ట ఉన్నది, సూడు" అనేటోనివి. నాకు కనవడకపోయేది. "జర వంచు" అనేటోనివి. ఆఖరికి కనవడ్డదని చెప్పిన.

ఇయ్యాల ఆడి సూస్తే గుట్ట ఎనుక ఏం లేదు. ఉత్త ఆకాశమే. నాకేం సమజైతలేదు. నేను అబద్ధమాడిన, అది నాకెరికే. మరి నువ్వు? నీకు నిజంగనే కనవడ్డదా, నా లెక్కనే ఊకె అన్నవా? ఇప్పుడు ఎవల్నడగాలె?

పాత డిస్‌ప్లేను పారేయకుండ దాసిపెట్టిన. అది పట్టుకొని మళ్ల దుకాణానికి పోయిన.

"మళ్ల గిదే ఏయాల్నా? దీంట్ల ఏం కనవడదు గదక్కా" అన్నడు దుకాణపాయన.

"మా అన్నకు కనవడేది" అని చెప్పిన.