లోపలి టైరు

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరంలో మొదటి వాక్యమే తప్పు. "లారీ నడపాలంటే చేతుల్లో బలం ఉండాలి, అది నాకుంది" అని రాశావు. చేతుల్లో బలముంటే బస్తాలు మోసుకోవచ్చు. లారీకి కావలసింది మెడ. అద్దాల్లోకి తిరగడానికి, వెనక్కి చూడటానికి, కిందికి దిగి వంగడానికి. ఇరవై రెండేళ్ళు లారీల డిపోలో గేటు గుమాస్తాగా కూర్చున్నదాన్ని. బలమున్న డ్రైవర్లు గోడలు పడగొట్టడం చూశాను, మెడ ఉన్నవాళ్ళు పింఛను పుచ్చుకోవడం చూశాను.

"లైసెన్సు వచ్చింది, డ్రైవరునైపోయాను" అన్నావు. అది రెండో తప్పు. ఇప్పుడు నీకు వచ్చింది నేర్చుకోవడానికి అనుమతి. వెనక్కి తీసేటప్పుడు అనుమానం కలిగితే దిగి చూడు. పదిసార్లు కలిగితే పదిసార్లు దిగు. నవ్వేవాళ్ళు నవ్వనీ, వాళ్ళ పళ్ళు వాళ్ళిష్టం. గోడ మాత్రం నీ మెడకే చుట్టుకుంటుంది. ఏ గేరులో కొండ ఎక్కావో ఆ గేరులోనే దిగు. బ్రేకును నమ్ముకుని దిగేవాడు అందరికంటే ముందే అడుక్కి చేరతాడు, చక్రాలు పైకి పెట్టి.

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసి మూడు రోజులైంది. ఆడపిల్లని లారీ ఎక్కించింది నేనేనట. ఇల్లు ప్రశాంతంగా ఉంది, నా చెవి మిషనుకి బ్యాటరీ కూడా ఆదా. ఫోను చేస్తానన్నావు, వద్దు. మిషను పెట్టుకుని ఫోను ఎత్తితే చెవిలో ఈల వేస్తుంది. ఈ వయసులో ఈలలు వేయించుకోవడం నాకు మర్యాద కాదు.

చివర్లో "తాతలా కునుకు తీయనులే" అని రాశావు. ఆ మాట ఇంకెప్పుడూ రాయకు.

ఆశీస్సులతో, అక్షరదోషాలు దిద్దుతూ,
అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

సరుకు దింపే చోట వరసలో పదకొండో లారీ నాది. స్టీరింగు మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఇంజను తప్పు.

తాత మాట రాయొద్దన్నావు. మరి స్టీరింగు ముందు కునుకు పట్టి లారీ పడేసి కాలు పోగొట్టుకున్నాడని చిన్నప్పటినుంచీ వింటున్నదే కదా! వీధి వీధంతా "కునుకు డ్రైవరు" అని పిలిస్తే తాతే ముందు నవ్వేవాడు. ఇప్పుడు నీకెందుకు కోపం?

సరే, ఇక్కడి కబుర్లు. మా యార్డు సూపర్‌వైజరుకి అందరూ పెట్టిన పేరు గడియారం. మన మొహం చూడడు, చేతి వాచీ చూసి మాట్లాడతాడు. మూడు నెలలు నన్ను పరీక్షగా పెట్టుకున్నారు. ఆలస్యమైతే పేరు పక్కన ఎర్రగీత. మూడు గీతలు పడితే ఇంటికి. నాకు అప్పుడే రెండు పడ్డాయి. బయల్దేరే ముందు లారీ చుట్టూ తిరిగి పదకొండు అంశాలు చూసి, కాగితం మీద టిక్కులు పెట్టి సంతకం చేయాలి. నాకు పన్నెండు నిమిషాలు పడుతుంది. గడియారం ఇచ్చేది మూడు.

ఆడవాళ్ళ బాత్‌రూమ్ తాళంచెవి కూడా ఆయన జేబులోనే ఉంటుంది. ఇక్కడ ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఒక పెద్దాయన ఉన్నాడు, ముప్ఫై ఏళ్ళ సర్వీసు. నేను వెనక్కి తీస్తూ నాలుగుసార్లు దిగితే అందరూ నవ్వారు. ఆయన మాత్రం, "ఎవరమ్మా నేర్పింది?" అన్నాడు. మా అమ్మమ్మ అని చెప్పాను. నమ్మలేదు.

ఈ ఉద్యోగం పోతే అమ్మ "నే చెప్పలేదూ?" అంటుంది. ఆ మాట అనిపించుకోను, అంతే.

మెడ నొప్పితో,
నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

తాళంచెవి కోసం బతిమాలకు. కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకో. నోటితో అడిగితే గాలి, రాసి అడిగితే ఫైలు.

లారీ చుట్టూ ఎప్పుడూ ఒకే వైపు నుంచి తిరుగు. నీ తలుపు దగ్గర మొదలుపెట్టి మళ్ళీ నీ తలుపు దగ్గరే ఆగు. మధ్యలో ఎవడైనా పలకరిస్తే మళ్ళీ మొదటినుంచి. నీకు మర్యాద తెలియదనుకుంటాడా, అనుకోనీ.

వెనక చక్రాలు జంటలు కదా! బయటి టైరు నిండుగా ఉంటే పక్కనున్న లోపలిది చచ్చినా కంటికి తెలియదు. బయటిదే దాని బరువు కూడా మోస్తూ నిలబడుతుంది. పైన పటారం, లోన లొటారం. అందుకే కళ్ళతో చూడకు, కడ్డీతో కొట్టి విను. గాలి ఉన్నది టంగుమంటుంది, లేనిది దిండును కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. దారిలో అరగంట పోయాక ఆగి తాళ్ళు లాగి చూడు. ఎంత బిగించినా లోడు సర్దుకుంటుంది, కొత్త కోడలిలా కాదు, పాత అత్తగారిలా, మెల్లమెల్లగా.

తాత సంగతి నువ్వు అడగలేదు, నేను వినలేదు.

మీ అమ్మ ఈరోజు మాట్లాడింది. "పిల్ల తిందా?" అంది. నన్ను కాదు, గోడను.

ఇట్లు,
గోడ పక్కనున్న అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

శుభవార్త. మూడు వారాలుగా ఒక్క ఎర్రగీత లేదు. తాళంచెవి కూడా నాకే ఇచ్చేశారు. నీ ఫైలు పనిచేసింది.

నీ దగ్గర దాచడం నాకు చేతకాదు కాబట్టి ఆలస్యం ఎందుకు పోయిందో కూడా చెబుతాను. ఇక్కడ సోమవారం పొద్దున్నే గడియారం ఒక్కొక్కరి చేతిలో ఆరు కాగితాలు పెడతాడు, వారానికి సరిపడా. టిక్కులు ముందే కొట్టి ఉంటాయి. సంతకాలు పెట్టేసి వెళ్ళిపోవడమే. అందరూ పెడుతున్నారు, పెద్దాయన కూడా. నేనూ పెట్టాను. లారీలన్నీ బాగానే తిరుగుతున్నాయి. ఇంకో ఐదు వారాలు గడిస్తే ఉద్యోగం ఖాయం. అప్పుడు నా పద్ధతిలో చూసుకుంటాను. నది దాటేదాకా పడవవాడు చెప్పినట్టే వినాలి కదా!

ఇంకో మాట, తిట్టకు. అమ్మకి ఫోను చేస్తే మాటల్లో వచ్చింది. తాతకి జ్వరమొచ్చినా పగలు కన్ను మూతపడేది కాదట. లారీ పడింది పొద్దున పదింటికట. మరి కునుకు ఎలా పట్టింది అమ్మమ్మా?

నిజం చెప్పేసి తేలికపడి,
నీ పిడుగు

*

పిడుగూ,

సోమవారం ఆ కాగితాల మీద సంతకం పెట్టకు. ఒక్కదాని మీద కూడా. ఎందుకో తర్వాత రాస్తాను.

అమ్మమ్మ

*

ప్రియమైన అమ్మమ్మకి,

నీ ఉత్తరం శనివారం అందింది. ఒక్క వెటకారం లేదు. ఒక్క తప్పు దిద్దలేదు. "ప్రియమైన" కూడా లేదు. ఎప్పుడూ ముత్యాల్లా ఉండే నీ అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. నాకు భయమేసింది. గడియారానికి ఎప్పుడూ అంత భయపడలేదు.

సోమవారం కాగితాలు తిరిగి ఇచ్చేశాను. "ఈరోజుది ఇవ్వండి చాలు, చూసి పెడతాను" అన్నాను.

"చూడ్డానికేముంది? నిన్న కూడా తిరిగిన బండే."

"అందుకే చూడాలండీ."

"నీకు రెండు గీతలున్నాయి, గుర్తుందా?"

"మీకు గుర్తుంది కదా, చాల్లెండి."

కడ్డీ లేదు. షెడ్డులో పడి ఉన్న చెక్కముక్క తీసుకుని నా తలుపు దగ్గర మొదలుపెట్టాను. ఎడమ వెనక బయటి టైరు టంగుమంది. లోపలిది దిండు. మళ్ళీ కొట్టాను, మళ్ళీ దిండే. పెద్దాయన వచ్చి చెక్క నా చేతిలోంచి తీసుకుని తనే కొట్టాడు. పడుకుని లోపలికి చేయి పెట్టాడు. వేలంత మేకు దిగి ఉంది. ఎన్నాళ్ళుగా ఉందో! ఆరోజు నా లోడు గాజు సీసాలు, నా దారి బడి పక్కనుంచి దిగే వాలు.

టైరు మార్చేసరికి యాభై నిమిషాలు. మూడో గీత పడింది. సాయంత్రం గడియారం తెల్లకాగితం ముందు పెట్టి, "నా అనుభవలేమి వల్ల ఆలస్యమైంది, క్షమించండి అని రాయి, ఈసారికి వదిలేస్తాను" అన్నాడు. నిజం చెబుతున్నాను, పెన్ను తీశాను. ఐదు వారాలే కదా అనుకున్నాను. తర్వాత ఇలా రాశాను: "ఎడమ వెనక లోపలి టైరు. మేకు. పొద్దున ఏడూ పది." సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన వాచీ చూసుకున్నాడు. నేను లారీ తాళాలు, బాత్‌రూమ్ తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు నా సామాను తెచ్చుకోవడానికి వెళ్తే, ముగ్గురు డ్రైవర్లు చెక్కముక్కలు పట్టుకుని లారీల చుట్టూ తిరుగుతున్నారు. పెద్దాయన నన్ను పాలట్యాంకర్ల యార్డుకి తీసుకెళ్ళాడు. యజమానురాలు ఒకటే ప్రశ్న అడిగింది: "బండి చూడ్డానికి ఎంతసేపు పడుతుంది నీకు?" పన్నెండు నిమిషాలు, వానలో పదిహేను అన్నాను. ఒకటో తారీకున రమ్మంది. మళ్ళీ మూడు నెలల పరీక్షే, మొదటినుంచి.

అమ్మకి నేనే చెప్పాను. "నే చెప్పలేదూ?" అనలేదు. "ఆ మేకు దాచావా?" అంది.

నువ్వు తర్వాత రాస్తానన్నది ఇంకా రాలేదు.

ఎదురుచూస్తూ,
నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. దిద్దడానికి ఏమీ దొరకలేదు. ఈసారి దిద్దాల్సింది నా మాట.

మీ తాతకి కునుకు పట్టలేదు.

మేమిద్దరం ఒకే డిపోలో పనిచేశాం, ఆయన స్టీరింగు ముందు, నేను గేటు కిటికీలో. బయల్దేరే ప్రతి లారీ దగ్గరికీ గుమాస్తా వెళ్ళి, డ్రైవరుతో పాటు చుట్టూ తిరిగి, చూసి టిక్కు పెట్టాలి. అందరి లారీలకీ వెళ్ళేదాన్ని. ఆయన లారీ వంతు వచ్చేసరికి మాత్రం నాకు తొందర పుట్టేది. నిలబడి మాట్లాడితే "మొగుడు కాబట్టి ఎంతసేపైనా నిలబడుతుంది" అంటారని. డిపో మొత్తానికి చదువుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. పక్షపాతం అనిపించుకోకూడదని ఆయనకి అందరికంటే తక్కువ సమయం ఇచ్చేదాన్ని. అదే నా న్యాయం!

ఆరోజు వాన. ఆయన కడ్డీ పట్టుకుని వెనక చక్రాల వైపు వెళ్తున్నాడు. నేను కిటికీలోంచి అరిచాను: "టిక్కు పెట్టేశాను, మీరు బయల్దేరండి, వెనక నాలుగు లారీలున్నాయి." ఆయన అక్కడే ఆగి నా వైపు చూశాడు. "వెనకవి కొట్టలేదే" అన్నాడు. "నిన్న కొట్టారుగా" అన్నాను. కడ్డీ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నా మాట ఏనాడూ కాదనలేదు. ఆరోజు కాదని ఉంటే బాగుండేది.

వాలు దగ్గర లోపలి టైరు పేలింది. దాని వెంటే బయటిది. లారీ పక్కకి ఒరిగింది. దేవుడి దయ, ఇంకెవరూ లేరు దారిలో. కుడికాలు మోకాలి దాకా తీసేశారు.

ఆసుపత్రికి డిపోవాళ్ళు విచారణకి వచ్చారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు, "కునుకు పట్టిందండీ." తర్వాత నాతో, "ఎలాగూ నా డ్రైవింగు అయిపోయింది. నీ సంతకం బయటపడితే నీ పనీ పోతుంది. పిల్లకి అన్నం ఎవరు పెడతారే?" అన్నాడు. ఆ పిల్ల మీ అమ్మ. అప్పటికి నాలుగేళ్ళది.

నేను ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం మీద ఇంకో పద్నాలుగేళ్ళు అదే కిటికీలో కూర్చున్నాను. ఆ తర్వాత ప్రతి లారీ చుట్టూ తిరిగాను, ఎవరేమన్నా తిరిగాను. కానీ వీధిలో ఆయన్ని కునుకు డ్రైవరు అన్నప్పుడల్లా, ఆయన నవ్వితే నేనూ నవ్వాను. పిడుగూ, నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు ఆ టిక్కు అనుకుంటావేమో. కాదు, ఆ నవ్వు. బయటి టైరులా ఆయన నా బరువు కూడా మోశాడు. చూసేవాళ్ళకి నేను నిండుగానే కనిపించాను.

ఆ కాగితాల సంగతి రాసిన నీ ఉత్తరం చదివాక నాకు నిజం రాసే ధైర్యం చాలలేదు, ఆ రెండు మాటలే రాయగలిగాను. కారణం తెలియకుండానే నా మాట విన్నావు. పెన్ను తీసి కూడా క్షమాపణ రాయలేదు. అంత జరిగాక నేను ఇంకా దాచుకుంటే ఇన్నేళ్ళు చదువుకున్నందుకు సిగ్గుచేటు.

మీ అమ్మకి ఈ పొద్దున చెప్పాను. గిన్నెలు తోముతోంది. కుళాయి కట్టేసి నా వైపు తిరిగింది. "అందుకే నాన్న నీ కిటికీ కింద కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా కూర్చునేవాడా?" అంది. అవును, కూర్చునేవాడు. నేను లారీల దగ్గరికి వెళ్ళొచ్చిన ప్రతిసారీ, "కొట్టావా?" అని అడిగేవాడు. ఇప్పుడు మీ అమ్మ పక్కగదిలో ఉంది. ఏడుస్తోందో, నిన్ను చూడ్డానికి సంచీ సర్దుకుంటోందో తెలియదు. రెండూ చేయగలదు.

ఒకటో తారీకున తిన్నగా వెళ్ళు. వానలో పదిహేను నిమిషాలు చాలకపోతే ఇరవై తీసుకో. ఇంకెవరైనా ఆ కునుకు మాట ఎత్తితే నువ్వే దిద్దు. నా పేరు చెప్పే దిద్దు.

ఇట్లు,
టిక్కు పెట్టిన
అమ్మమ్మ

తా.క. తాత కడ్డీ నీకు పార్సిలు చేశాను. శుక్రవారం మీ వీధి చివరి పార్సిలు ఆఫీసుకి వస్తుంది. ఐదింటికి మూసేస్తారు, నాలుగింటికే వెళ్ళు. గుర్తింపు కార్డు మరిచిపోకు. కిటికీలో ఉన్న మనిషి ముందు పుస్తకం తోసి "సంతకం పెట్టండి" అంటాడు. పెట్టకు. అక్కడే బల్ల మీద తాడు విప్పు. లోపల మోచేతి పొడవు ఇనుప కడ్డీ, పిడికి నీలం గుడ్డ, చివర చిన్న సొట్ట ఉండాలి. వెనక ఎంతమంది నిలబడి విసుక్కున్నా సరే, మూడూ చూసుకో. అప్పుడు పెట్టు సంతకం.