కొండ దిగిన లైటు

కూర్మమ్మ అక్కకు,

అసిరయ్య బావ ఫొటో ముందు దీపాన్ని పెద్దకర్మ దాకా నన్నే చూసుకోమని కబురు పెట్టావు. ఎందుకు రాలేదో నోటితో చెప్పలేక రాస్తున్నాను.

మా యూనివర్సిటీలో కరెంటు పొదుపంతా బావ డ్యూటీయే. పొద్దున మేడ మీద సోలార్ పలకలు తుడిచేవాడు. సాయంత్రం క్లాసులయ్యాక గదిగదికీ తిరిగి లైట్లు కట్టేసేవాడు. ట్యూబులైటును కూడా "ఆర్పేశాను" అనేవాడు కాదు, "కొండెక్కించేసేను" అనేవాడు.

"ఏటి బావా, ట్యూబులైటు కూడా దేవుడేనేటి?"

"ఎలుగు ఏదైనా ఎలుగేరా, ఎదవా!"

అతను కిందికి దిగగానే నేను వెనక మెట్ల మీదుగా వెళ్లి మూడో అంతస్తులో ఒక లైటు వేసి వచ్చేవాణ్ణి. "సూడు బావా, నీ లైటు కొండ దిగిపోనాది!" అనేవాణ్ణి. తిట్టుకుంటూ మళ్లీ ఎక్కేవాడు. తోటి పనివాళ్లం అందరం నవ్వేవాళ్లం.

పిల్లలు మరిచిపోయిన లైటు కోసం ఎక్కుతూ మెట్ల మీద గుండె ఆగి పడిపోయాడని నీకు చెప్పారు. ఎవరూ మరిచిపోలేదక్కా. సోమవారం కూడా ఆ లైటు వేసింది నేనే.

"ఇయ్యాల ఒద్దురా, గుండెల్లో పట్టేత్తన్నాది" అన్నాడు.

"నాటకాలాడకు బావా, ఎక్కు" అన్నాను.

ఇది విన్నాక కూడా దీపం దగ్గరికి రమ్మంటే వస్తాను. వద్దంటే నీ గుమ్మం తొక్కను.

బావను ఆస్పత్రికి తీసుకుపోయాక కూడా ఆ లైటు వెలుగుతూనే ఉంది. నేనే పైకెక్కి కట్టేశాను. "కొండెక్కించేసేను బావా" అని పైకే అన్నాను. నవ్వడానికి ఎవరూ లేరు.

నీ తమ్ముడు