ముందు మైనస్ విప్పు

తమ్ముడూ, ఇక్కడ అందరం కులాసా. కారు బ్యాటరీ వచ్చే ఆదివారం నువ్వే విప్పి మారుస్తానని రాశావు, అది చదివినప్పటి నుంచి నాకు గుండెదడ తగ్గలేదు.

నిన్న పక్కింటి మేష్టారు అదే పనికి దిగారు. ముందు మైనస్ వైరు విప్పండని మొత్తుకున్నాను. "మంచి పని ప్లస్‌తోనే మొదలెట్టాలయ్యా! నీకన్నిటికీ వాదనే" అన్నారు. ప్లస్ మీదున్న స్పానర్‌కూ కారు రేకుకూ మధ్య ఆయన అదృష్టపు ఉంగరం ఇరుక్కుంది. రేకంతా మైనస్‌కే కలిసి ఉంటుంది కదా, భగ్గున మెరిసింది. ఉంగరంతోపాటు వేలి చర్మమూ ఊడొచ్చింది. ఆ కేక ఇంకా చెవుల్లోనే ఉంది. అదృష్టమట! ఎవడికి? అమ్మినవాడికి.

నీ వేలికీ అలాంటిదే ఉంది, తీసెయ్. తీస్తే అరిష్టమని అమ్మ అడ్డొస్తే ఈ కార్డు చదివి వినిపించు. ఇంజను ఆపి, ముందు మైనస్, తర్వాత ప్లస్ విప్పు. బిగించేటప్పుడు ముందు ప్లస్, చివర మైనస్. సిగరెట్‌తో సలహాలిచ్చే మామయ్యను దగ్గరికి రానివ్వకు, బ్యాటరీ గ్యాస్ అంటుకుంటుంది.

అమ్మ కళ్లజోడు బాగుచేయించావా? పెరటి తలుపు గడియ సంగతేమిటి? మరదలికి, పిల్లలకు నా ఆశీస్సులు. పని కాగానే జవాబు రాయి. మరదలిచేత రాయించకు, నీ కుడిచేత్తోనే రాయి. ఆ అక్షరాలు చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు.

అన్నయ్య