తర్వాత అనే బటన్

జూన్ 2, సోమవారం

ఇంటర్న్‌షిప్‌లో మొదటి సొంత పని దొరికింది. యాప్ వాడేవాళ్లని ఎలా అడగాలి, ఎలా వినాలి, వాళ్ల మాటల్ని ఏం చేయాలి అన్నదానికి సూత్రాలు రాయాలి. గోడకి అతికించేంత చిన్నవి, ఎవరూ తప్పించుకోలేనంత గట్టివి కావాలన్నారు రీసెర్చ్ మేడమ్. సూత్రం. ఎంత మంచి మాట. దారం అన్నా అదే.

మేనేజర్ గారికి ఆఫీసులో పేరు రేపటికల్లా. ఏదైనా రేపటికల్లా కావాలంటారు. ఇది మాత్రం శుక్రవారానికి చాలన్నారు. అంటే ఆయన లెక్కలో ఇది పనే కాదు.

జూన్ 3

మా యాప్ మాత్రల వేళకి మోగుతుంది. వచ్చే సోమవారం గుండె జబ్బు ఉన్నవాళ్ల ఫోన్లలోకి వెళ్తుంది. మోగగానే తెర మీద ఒక టిక్ గుర్తు, దాని కింద ఒక బటన్. టిక్ నొక్కితే మాత్ర వేసుకున్నట్టు. బటన్ నొక్కితే కాసేపాగి మళ్లీ మోగుతుంది. బటన్ మీద "వాయిదా వేయి" అని ఉండేది. కోర్టు వాసన వస్తోందని చెప్పి "తర్వాత" అని పెట్టించాను. రేపటికల్లా గారు భేష్ అన్నారు.

ఇంట్లో చెప్పాను. జీతం లేని ఉద్యోగానికే ఇలా ఉంటే, జీతమిస్తే నిన్ను పట్టలేమే అంది అమ్మ.

జూన్ 4, మధ్యాహ్నం

టెస్టింగ్. రిటైరైన టీచరమ్మ ఒకరు వచ్చారు. మాత్రలకి బదులు గిన్నెలో పిప్పరమెంట్లు పెట్టాం. ఫోన్ మోగింది. ఆవిడ ఒకటి నోట్లో వేసుకుని నింపాదిగా "తర్వాత" నొక్కారు. మళ్లీ మోగింది. ఇంకోటి వేసుకున్నారు. మళ్లీ "తర్వాత".

ఎలా ఉందమ్మా అని రేపటికల్లా గారు అడిగితే, పర్లేదు నాయనా అన్నారు. ఆయన "సంతృప్తి" గడిలో టిక్ పెట్టేశారు. ఆవిడ వెళ్లాక, టీచరమ్మకి తీపి మీద మమకారం పోలేదన్నారు. అందరూ నవ్వారు.

నేను లిఫ్ట్ దాకా వెంటపడి అడిగాను, రెండోది ఎందుకు వేసుకున్నారని. ఒకటి మింగాను కదా, తర్వాతది రమ్మని నొక్కాను, వచ్చింది, వేసుకున్నాను అన్నారు. మరి పర్లేదన్నారేం అన్నాను. జన్మంతా తప్పులు దిద్దినదాన్ని, అందరి ముందూ తెలీదని ఎలా చెప్పనే పిల్లా అన్నారు.

తర్వాత అంటే ఆగడం. తర్వాత అంటే ముందుకెళ్లడం. రెండూ ఒకే మాటలో ఉన్నాయి. ఆ మాట పెట్టించింది నేను. రక్తం పలచబడే మాత్ర ఎవరైనా ఇలా మళ్లీ మళ్లీ వేసుకుంటే?

జూన్ 5

చెప్పాను. ఒక్కావిడ తడబడితే రిలీజ్ ఆపుతామా అన్నారు రేపటికల్లా గారు. పైగా మాట నీదే కదమ్మా, నువ్వే ముచ్చటపడి పెట్టించావు అన్నారు. మేడమ్ మాత్రం, సూత్రాలు రేపు నువ్వే చదవాలి అన్నారు.

జూన్ 5, సాయంత్రం

అందమైన మాటలన్నీ కొట్టేశాను. మిగిలినవి ఇవి.

"పర్లేదు" జవాబు కాదు. ఇంకో ప్రశ్న అడగాలి.

నోటి మాటతో పాటు చేతిని చూడాలి.

ప్రాణం మీదకి వచ్చేదైతే, ఒక్కరు తడబడినా రిలీజ్ ఆగాలి.

చివరిది రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. ఇంటర్న్‌ని. నేనెవరిని ఆపడానికి?

జూన్ 6, శుక్రవారం

మీటింగ్‌లో నేను చివరి సూత్రం చదవగానే రేపటికల్లా గారు చెయ్యెత్తి, తర్వాత అన్నారు. స్లైడ్లు మారుస్తున్న డెవలపర్ తర్వాతి స్లైడ్ పెట్టాడు. పిప్పరమెంట్ల గిన్నె ఫొటో. అది కాదయ్యా, ఆపమంటున్నా అని ఆయన విసుక్కున్నారు. మీరే కదా సార్ తర్వాత అన్నారు అన్నాడు డెవలపర్. ఎత్తిపొడుపు కాదు పాపం, మామూలుగానే అన్నాడు.

ఆయన గిన్నె వంక చూశారు, నా వంక చూశారు. సోమవారం వద్దు అన్నారు, మెల్లగా. మరి ఎప్పటికి సార్ అని అడిగారెవరో. రేపటికల్లా అనలేదు.

జూన్ 9

బటన్ మీద ఇప్పుడు "ఇంకా వేసుకోలేదు" అని ఉంది.

గోడ మీద నా సూత్రాల పక్కన ఎవరో ఒక పిప్పరమెంటు అతికించారు. చీమలు పట్టాయి. ఎవరూ తీయడం లేదు.