వాకిట్లో స్తూపం

మల్యాల బాల్‌వాడి అక్కకు,

సిరిసిల్ల నుంచి నీ చెల్లె రాస్తున్నది. ఇక్కడ అందరం ఉన్నాం.

తల్లులు మగ్గాలకు నూలు కండెలు చుట్టడానికి పోతూ పొద్దున్నే పిల్లల్ని నా దగ్గర దించిపోతున్నారు. నువ్వు చెప్పినట్టే వాకిట్లో మట్టి తడిపి, ఖాళీ కండెలు ఇచ్చి ఆడిస్తున్నాను. అందరూ పొయ్యిలు, బండ్లు చేస్తారు. ఓదెలు మాత్రం రోజూ స్తూపమే కడతాడు. దళంలో తిరిగి అడవిలో చనిపోయిన వాళ్ల నాయన పేరు చెక్కి, వాళ్ల ఊళ్లో అన్నలు స్తూపం కట్టారు. మొన్న పోలీసులు దాన్ని కూల్చేస్తుంటే వాడు తల్లి చంకలో ఉండి చూశాడు.

మా వాడలో పోలీసు జీపు తిరుగుతున్నది. అందుకే సాయంత్రం పిల్లలు పోగానే నేనే వాడి మట్టి స్తూపాన్ని కాలితో చదును చేస్తాను. పొద్దున వాడు మళ్లీ కట్టి, పైన బంతిపువ్వు పెడతాడు. తిడదామంటే నోరు రావడం లేదు. అలసిపోయాను అక్కా.

నీ బడిలో మట్టి అక్కరలేని ఆటలేవైనా ఉంటే రాసి పంపు. నిన్న తల్లి రావడం ఆలస్యమై, నేను స్తూపాన్ని చదును చేస్తుంటే ఓదెలు చూశాడు. ఏడవలేదు. దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"పెద్దమ్మ, నువ్వు గూడ పోలీసోళ్ల దిక్కేనా?"

నీ చెల్లె